పూలు కట్టిన చేతి రొట్టె

మా అవ్వ రాహేలమ్మను మట్టి చేసిన ఎనిమిదో రోజున చర్చిలో ఆదరణ కూటం పెట్టారు. నలుగురు లేచి మైకు పట్టుకున్నారు. నలుగురూ ఆమెను సాత్వికురాలన్నారు. ఒకాయన అయితే జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పని తల్లి అన్నాడు. వెనక షామియానా కింద బిర్యానీ దించిన వాసన వస్తోంది, జనం వాచీలు చూసుకుంటున్నారు, నేనేమో వీళ్ళు వేరే ఎవరి కూటానికో పోబోయి పొరపాటున ఇక్కడికొచ్చారేమో అనుకుంటూ కూర్చున్నాను. నా వంతు రాగానే, మూడు నిమిషాలమ్మా అని ముందే హెచ్చరించారు. అందరికీ వందనాలు చెప్పి, ఆమె మంచి భార్య, మంచి తల్లి, మంచి అవ్వ అని చెప్పి కూర్చున్నాను. ఇంటికొచ్చాక నా మీద నాకే కోపం వచ్చింది. చిత్తూరు బడిలో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, సొంత అవ్వ గురించి నాలుగు నిజాలు చెప్పలేకపోయాను. ఆమె భక్తురాలు. సాత్వికురాలు మాత్రం కాదు. ఆ రెండూ ఒకటి కావని నేను ఆమెను చూసే తెలుసుకున్నాను. అందుకని ఆ మూడు నిమిషాల్లో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మేం తిరుచానూరులో లాడ్జీల వెనక సందులో ఉండేవాళ్ళం. మేం అంటే అవ్వ, తాత, నేను. మా అమ్మ గూడూరులో నర్సు, నాయన లారీ డ్రైవరు. ఇద్దరి డ్యూటీలకూ పొంతన కుదరక, బడి చదువు అయ్యేదాకా నన్ను అవ్వ దగ్గర ఉంచారు. తాత ఒకప్పుడు రేణిగుంట గూడ్స్ షెడ్డులో మూటలు మోసేవాడు. ఒకరోజు పేర్చిన సిమెంటు బస్తాలు జారి ఆయన నడుం మీద పడ్డాయి. ప్రాణం దక్కింది కానీ నడుం కింద సత్తువ పోయింది. అప్పటికి అవ్వకు యాభై దగ్గర పడుతున్నాయి. ఇద్దరూ కూతురి పంచన చేరండని చుట్టాలంతా చెప్పారు. అవ్వ వినలేదు. అమ్మవారి గుడి వీధిలో చెంగమ్మ పూలంగడికి పోయి, నాకు పని నేర్పమని అడిగింది. నెల తిరక్కముందే అవ్వ కట్టిన మూర ఆ వీధిలో అందరి మూరకంటే ఒత్తుగా ఉండేదని చెంగమ్మే నాతో చాలాసార్లు చెప్పింది. చెంగమ్మ నుదుటి మీద రూపాయంత బొట్టుతో, వీధి చివరికి వినిపించే గొంతుతో ఉండేది. వాళ్ళిద్దరికీ ఎలా కుదిరిందో కానీ, ఒకరి మాట ఒకరికి రుచించేది.

అవ్వ తెల్లవారుజామున లేచి మొదట తాత దగ్గరికే పోయేది. వేడినీళ్ళలో గుడ్డ ముంచి ఒళ్ళు తుడిచి, పక్కకు పొర్లించి, వీపుకు నొప్పుల నూనె రాసి, ఉతికిన పంచె కట్టి, దిండ్లు ఆనించి కూర్చోబెట్టేది. అన్నేళ్ళు మంచంలో ఉన్న మనిషికి వీపు మీద ఒక్క పుండు పడలేదు. మా అమ్మ వచ్చినప్పుడల్లా ఆ వీపు చూసి, మా ఆస్పత్రిలో ఎవరికీ ఇది చేతకాదు అనేది. కాఫీ ఇచ్చి అవ్వ అంగడికి పోయేది. పొద్దెక్కాక తిరిగొచ్చి సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, తాతకు ముద్దలు చేసి పెట్టి, మధ్యాహ్నం గంపెడు పూలు ముందేసుకుని వసారాలో కూర్చునేది. అవ్వకు చదువు రాదు. తాతకు కళ్ళూ గొంతూ బాగున్నాయి. ఆయన గుండెల మీద పుస్తకం ఆనించుకుని వాక్యం చదివేవాడు, ఆమె వింటూ పూలు కట్టేది. ఆయన ఎప్పుడైనా ఒక వరుస మింగేస్తే, తల ఎత్తకుండానే మధ్యలోది యాడ పోయిందని అడిగేది. మల్లెల వాసన, తడిపిన అరటి నార వాసన, నొప్పుల నూనె వాసన కలిసి మా ఇంటి వాసన. ఇప్పటికీ బస్సులో ఎవరైనా పూలు పెట్టుకుని నా పక్కన కూర్చుంటే తాత చదువుతున్న గొంతు వినిపించినట్టుంటుంది.

మా చర్చి రేణిగుంట దారిలో ఉండేది. రేకుల కప్పు, చాపలు, రెండు ఫ్యాన్లు. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల. అంటే పాస్టరుగారు, మేం పిలిచినట్టు చెప్పాలంటే అయ్యగారు, రొట్టెను చేతుల్లోకి తీసుకుని ప్రార్థించి విరిస్తే, ఆ ముక్కలు పళ్ళెంలో సంఘమంతా తిరుగుతాయి, వెనకే చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం వస్తుంది. ఆ రొట్టె చేసేది మా అవ్వ. దానికోసం ఒక పెనం విడిగా ఉండేది. ముందురోజు సాయంత్రం తలస్నానం చేసి, ఉప్పూ నూనే లేకుండా గోధుమపిండి కలిపి, తడిగుడ్డ కప్పి, సన్నటి సెగ మీద మచ్చ పడకుండా కాల్చేది. అంతసేపూ మాట్లాడేది కాదు. పెనం చూసుకోవడానికి వేసిన మొదటి రొట్టె నాకు బెల్లంతో ఇచ్చేది. దేవుని రొట్టె నేనెట్లా తినేదని చిన్నప్పుడు భయపడితే, ఈడ ఉన్నంతసేపు ఇది వట్టి రొట్టే, ఆడ అయ్యగారు ప్రార్థన చేసినాకే అది ప్రభువుదని చెప్పింది. రొట్టె కాల్చాక ఆ రాత్రి భోజనం మానేసి, మర్నాడు బల్ల దగ్గర ఆ ముక్క నోట్లో పడేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా తాగేది కాదు. నెలంతా ఆమె ఎదురుచూసేది ఆ ఒక్క ముక్క కోసమే.

ప్రకాశం పెద్దాయన మా సంఘ పెద్ద. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆయన్ని చెడ్డవాడని నేననను. ఇరవై ఏళ్ళ వయసులో ప్రభువును నమ్ముకున్నందుకు సొంత నాయనే ఆయన్ని కట్టుబట్టలతో ఇంట్లోంచి గెంటేశాడు. తల్లి చనిపోతే ముఖం చూడ్డానిక్కూడా రానివ్వలేదు. అంత పోగొట్టుకుని నిలబడ్డ మనిషి, కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు గుడి వీధిలో నడుస్తూ, చెంగమ్మ అంగట్లో మనిషెత్తు చామంతి దండ కడుతున్న మా అవ్వను చూశాడు. అవ్వ పూలు కడుతుందని అందరికీ తెలుసు. జడలకూ పెళ్ళిళ్ళకూ అనుకున్నారో ఏమో, అమ్మవారి దండలూ ఆమే కడుతుందన్నది ఎవరూ అంతవరకు ఆలోచించలేదు. ఆ తర్వాతి ఆదివారమే నలుగురు పెద్దలు చాప మీద కూర్చుని అవ్వను పిలిపించారు. ఆ పని మానుకుని, సంఘం ముందు నిలబడి తప్పయిందని చెప్పేదాకా ఆమె బల్లకు దూరంగా ఉండాలన్నారు.

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. అవ్వ కొంగు తలమీద సర్దుకుని, గొంతు పెంచకుండా అడిగింది. "అన్నా, పూలు పుట్టించింది నా దేవుడు. కట్టింది నా చెయ్యి. నేను మొక్కింది యాడ చూసినావో చెప్పు."

 తీర్మానం తీర్మానమే అన్నాడు ప్రకాశం పెద్దాయన. అయ్యగారికి ముప్పై ఏళ్ళు కూడా లేవు, సంఘానికి కొత్త. ఆయన చాప అల్లిక చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట చెప్పేస్తే పోయేదానికి ఎందుకింత పట్టుదల అని చాలామంది అవ్వకు నచ్చజెప్పారు. తప్పు చేసుంటే వందసార్లు చెప్తా, చెయ్యనిదాన్ని చేసినానని దేవుని ముందర నిలబడి చెప్తే అది అబద్ధం గదా అనేది. తిరుపతిలో చర్చిలకేం కొదవ, ఇంకోదానికి పోదాం అని నేనన్నాను. నా ఇంట్లోంచి నేనెందుకు పోవాలని కసిరింది. పోకపోగా ఇంకో పని చేసింది. అంతవరకు ఆడవాళ్ళలో మూడో వరుసలో కూర్చునేది. తీర్మానం తర్వాత మొదటి వరుసలోకి మారింది. రొట్టె పళ్ళెం పట్టుకుని తిరిగేది ప్రకాశం పెద్దాయనే కాబట్టి, ప్రతి మొదటి ఆదివారం ఆయన ఆమె ఎదురుగా వచ్చి, ఆమెను దాటుకుని పోవలసి వచ్చేది. ఆమె ఆయన ముఖంలోకే చూసేది. కానుకల సంచి మాత్రం ఎప్పటిలాగే ఆమె ముందు ఆగేది, దాని గురించి తీర్మానంలో ఏమీ రాసినట్టు లేదు. ముందురాత్రి నుంచి ఉపవాసం ఉండటం కూడా ఆమె మానలేదు. ఆకలితో పోయి ఆకలితోనే తిరిగొచ్చేది. తాతకు అయ్యగారు ఇంటికొచ్చి రొట్టె ఇచ్చేవాడు. నీకు లేనిది నాకొద్దని తాత ఒకసారి నోరు మూసుకుంటే, చంటిబిడ్డను కోప్పడినట్టు కోప్పడి తినిపించింది.

ఈ సంగతి చెంగమ్మ చెవిన పడింది. ఒకరోజు ఇంటికొచ్చి, గుడి దండలు వేరేవాళ్ళ చేత కట్టిస్తాను, నువ్వు పూలజడలూ పెళ్ళి మూరలూ మాత్రమే కట్టు, మీవాళ్ళ నోరూ మూతపడుతుంది, నీ రొట్టె నీకొస్తుంది అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత తేలిక దారి. అవ్వ మాత్రం చేతిలోని నార కింద పెట్టలేదు.

"పదేండ్లుగా నీ అంగట్లో కూసోని తిన్నాను చెంగమ్మా. ఇప్పుడు నీ పని మురికి పని అని నా నోటితో ఒప్పుకోమంటావా?"

  చెంగమ్మ గంపలోంచి నాలుగు మల్లెలు తీసి నా జడలో తురిమి వెళ్ళిపోయింది.

అవ్వను బల్లకు దూరం పెట్టిన తొందరలో పెద్దలు ఒక సంగతి మరిచిపోయారు. రొట్టె చేసేది ఆమే. మొదటి నెల ఒకావిడ చేసిన రొట్టె అప్పడంలా పగిలి అయ్యగారి చొక్కా నిండా పొడి రాలింది. రెండో నెల ఇంకొకావిడ చేసింది విరవడానికి ఆయన మోకాలు ఆనించలేదు గానీ, అంత పనీ అయింది. మూడో నెల బల్లకు రెండు రోజుల ముందు, పాస్టరుగారి భార్య అమ్మగారు వెనక సందులోంచి మా ఇంటికొచ్చింది. కొంగు కింద గోధుమపిండి సంచి. పెద్దలకు తెలియనివ్వొద్దు, నువ్వే చేసిపెట్టాలి అని అడిగింది. నాకు లోపల్లోపల పండగయింది. ఇక అవ్వ వీళ్ళను బతిమాలించుకుంటుంది అనుకున్నాను. అవ్వ సంచి తీసుకుని లోపల పెట్టింది. మర్నాడు సాయంత్రం తలస్నానం చేసి పొయ్యి వెలిగించింది.

నేను ఒళ్ళుమండి, సిగ్గు లేదా నీకు అని అడిగాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ నాకు సిగ్గే. ఆమె పెనం మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. "రొట్టె ప్రకాశం అన్న సొత్తు కాదు మే. చేసే చెయ్యికి కోపమొస్తే తినేవాళ్ళేం పాపం చేసినారు?"

అలా మరో క్రిస్మస్ కూడా గడిచింది. ఏడాదికి పైగా ఆమె చేసిన రొట్టెనే ఆమె ముందునుంచి పళ్ళెంలో తీసుకుపోయారు. సంఘంలో ఆ సంగతి తెలిసింది నలుగురికే. అవ్వకు, నాకు, అమ్మగారికి, అయ్యగారికి. తాతకు ఎలాగూ వాసన తెలుస్తుంది కాబట్టి అయిదుగురు అనుకోవచ్చు.

నేను తొమ్మిదో తరగతిలో బాప్తిస్మం తీసుకున్నాను. మరుసటి మొదటి ఆదివారం నాకు బల్లలో చెయ్యి వేసే హక్కు వచ్చింది. నీకు పెట్టని చోట నేను తినను అన్నాను. నీ రక్షణ నీది, నా కొంగు పట్టుకొని రాదు అని తిట్టి, తెల్ల ఓణీ కట్టించి తీసుకుపోయింది. ఆమె పక్కనే మొదటి వరుసలో కూర్చున్నాను. పళ్ళెం ఆమెను దాటి నా దగ్గర ఆగింది. ముక్క తీసుకున్నాను. నోటి దాకా తెచ్చి, చేతిరుమాల్లో చుట్టేశాను.  ఇంట్లో ఉన్నంతసేపు అది వట్టి రొట్టె అని ఆమే చెప్పింది. ఇది మాత్రం ప్రార్థన అయిన రొట్టె. ఇది దొరికితే అవ్వ ఏడాదిన్నర ఆకలి తీరుతుందని నా లెక్క. ఆరాధన అయ్యాక కుళాయి వెనకకు పిలిచి, రుమాలు విప్పి ఆమె ముందు పట్టుకున్నాను.

నా మీద ఎన్నడూ చెయ్యెత్తని మనిషి. ఆ రోజు చెయ్యి లేచింది, గాల్లోనే ఆగింది.  దొంగిలించిన రొట్టె నాకు తినిపిస్తావా అని అడిగింది. నాకు రావాల్సింది వచ్చే దారిలోనే రావాల, రాకపోతే పస్తుంటా అంది. నా రెక్క పట్టుకుని చర్చి పక్కనే ఉన్న అయ్యగారి ఇంటికి నడిపించింది. ఆయన భోజనానికి కూర్చోబోతున్నాడు. నేను వెక్కుతూ చేసిన పని చెప్పాను.  ఆయన నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఆ ముక్క నాకే తినిపించాడు. పిల్ల ప్రేమతో చేసింది, బాధపడొద్దు అని అవ్వకు చెప్పబోయాడు. అవ్వ గుమ్మం దిగుతూ ఆగి వెనక్కి తిరిగింది.

"మా పాప తప్పు మా పాప చెప్పేసింది అయ్యగారూ. మీది మీరు ఎవురికి చెప్పుకుంటారో నాకు తెలీదు."

 దారిలో నేను భయపడుతూ, అయ్యగారిని అంత మాట అన్నావే అంటే, మర్యాదగానే గదా అన్నాను అంది.

ఇప్పుడు ఆ రేకుల చర్చి లేదు. ఆ స్థలంలో మూడంతస్తులు, ఏసీ, పెద్ద తెరమీద పాటలు. రొట్టె ఎవరూ చేయరు. చెన్నై నుంచి బిళ్ళలు డబ్బాల్లో వస్తాయి, అన్నీ ఒకే కొలత, ఒకే తెలుపు. ఎవరినీ బల్లకు దూరం పెట్టరు కూడా. అందుకు నేను సంతోషించాలి. కానీ నిజం చెబితే, పక్కన కూర్చున్న మనిషి ఏం పని చేస్తుందో, ఏం తిని వచ్చిందో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరితోనూ పేచీ రాదంతే. ఆ రోజుల్లో మా పెద్దలు అవ్వకు అన్యాయం చేశారు, కాదనను. కాకపోతే ఒక ముసలిది రొట్టె తిన్నదా లేదా అన్నది అరవై ఇళ్ళవాళ్ళకు ముఖ్యమైన విషయంగా ఉండేది. అంత ముఖ్యం కాబట్టే ఆమె దానికోసం అంత గట్టిగా నిలబడగలిగింది. నేను పరీక్షలు రాసినా, ఉద్యోగంలో చేరినా, బడిలో అన్యాయం అనిపించినచోట లేచి మాట్లాడినా, ఆమె మొదటి వరుసలో కూర్చున్న తీరే నాకు ధైర్యం. నా అవ్వ అని చెప్పుకోవడానికి నాకు ఉన్నంత గర్వం నా డిగ్రీల మీద లేదు.

నేను రుమాల్లో రొట్టె దాచిన మరుసటి నెల, మొదటి ఆదివారం అయ్యగారు రొట్టె మీది తెల్లగుడ్డ తీసి, విరవకుండా నిలబడ్డాడు.  ఈ రొట్టె రాహేలమ్మ చేసింది అన్నాడు. పోయిన నెలదీ, అంతకు ముందు నెలదీ, ఏడాదికి పైగా మనం తిన్నదంతా ఆమె చేతిదే అన్నాడు. అది నాకు తెలుసు, చెప్పే ధైర్యం లేక దాచాను, ఆ చెయ్యి అపవిత్రమైతే మనం తిన్నదేమిటో మీరే చెప్పండి అన్నాడు.  రొట్టె విరిచి, ప్రకాశం పెద్దాయన చేతికివ్వకుండా పళ్ళెం తానే పట్టుకుని దిగి, నేరుగా అవ్వ ముందుకొచ్చాడు.  అవ్వ చెయ్యి చాపలేదు.

"జాలిపడి ఇస్తా ఉండారా అయ్యగారూ? జాలి అయితే నాకొద్దు."

"లేదమ్మా. తీర్మానమే తప్పు. నీది కాదు."

ఆ మాట అందరికీ వినిపించింది. అప్పుడు తీసుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. కొంగు అంచు తడిసింది. నాకు తెలిసి ఆ ఏడాదిన్నరలో ఆమె ఏడ్చింది అదే. నేను మాత్రం చుట్టూ చూస్తున్నాను. మగవాళ్ళ వైపు మొదటి వరుస చివర ప్రకాశం పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పళ్ళెం దగ్గరికొస్తే తల అడ్డంగా ఊపి పక్కవాళ్ళకు పంపేశాడు. ఆరాధన ముగిసింది. జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆడవాళ్ళు అవ్వ చేతులు పట్టుకుంటున్నారు. ఆయన ఒక్కడే చాపమీద వంగి కూర్చునే ఉన్నాడు. నాకు సంతోషంగానే అనిపించిందని ఒప్పుకుంటాను. బాగా అయింది అనుకున్నాను.

అవ్వ ఆడవాళ్ళను విడిపించుకుని ఆయన దగ్గరికి నడిచింది. ఎందుకు తీసుకోలేదని అడిగింది. ఆయన తలెత్తలేదు.

"నాకు యోగ్యత లేదు రాహేలమ్మా," అన్నాడు.

"యోగ్యత నీకూ లేదు, నాకూ లేదు అన్నా. ఈ ఆకలి ఏడాదిన్నర నేను పడినాను. ఎట్టుంటాదో నాకు తెలుసు. నువ్వు ఒక్క నెల కూడా పడొద్దు."

అయ్యగారు అప్పటికే మిగిలిన ముక్కల మీద గుడ్డ కప్పేసి పళ్ళెం లోపలికి తీసుకుపోతున్నాడు. అవ్వ వెనక్కి తిరిగి, ఇంకో మనిషి ఉండాడు, ఇటు తెండి అని పిలిచింది. ఆయన వచ్చాడు. ప్రకాశం పెద్దాయన ముక్క తీసుకున్నాడు. అది వేళ్ళలోంచి జారి చాపమీద పడబోతే అవ్వ తన అరచెయ్యి కింద పట్టింది. ఆయన నమిలి మింగేదాకా ఆమె అక్కడే నిలబడింది.